గాజువాక, పెందుర్తి, భీమిలిలో సిట్టింగులు ఎలా ఓడతారు

సంపాదకుడు గారికి,
నమస్కారం.

విశాఖ శివారు నియోజకవర్గాల ఫలితాల మీద ఏ విశ్లేషణ చదివినా చివరికి ఒక్క మాట దగ్గరే ఆగుతోంది: గాలి. 2019లో ఒక గాలి, 2024లో దానికి ఎదురుగాలి. గాలి లేదని మేమూ అనం. 175 సీట్లలో ఒకసారి 151, ఇంకోసారి 164 ఒకే వైపు పోతే దాన్ని గాలి అనక ఏమంటారు? కానీ ఆ 2019 గాలిలోనే విశాఖ తూర్పు, పశ్చిమ, ఉత్తరం, దక్షిణం నాలుగూ తెలుగుదేశానికే మిగిలాయి. వాటిని ఆనుకునే ఉన్న గాజువాక, పెందుర్తి, భీమిలి మూడూ పోయాయి. గాలి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆగి, షీలానగర్ దాటాక మళ్లీ వీచిందనుకోవాలా?

ఓటరు జాబితాలు, ఏజెంట్ల పాసులు, లెక్కింపు కాగితాలతో ఏళ్లుగా పనిచేసినవాళ్లం, తలో పార్టీకి చెందినవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మేం చెప్పేది ఒక్కటే. శివారు సీటులో సిట్టింగ్ ఎమ్మెల్యే ప్రచారం నెలలో ఓడిపోడు. అంతకు రెండేళ్ల ముందే, తన చుట్టూ ఉన్న నియోజకవర్గం మారిపోయిన సంగతి గమనించక ఓడిపోతాడు.

ముందు రికార్డు చూడండి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత నాలుగు ఎన్నికలు జరిగాయి. గాజువాకలో 2009లో ప్రజారాజ్యం నుంచి చింతలపూడి వెంకట్రామయ్య, 2014లో పల్లా శ్రీనివాసరావు, 2019లో తిప్పల నాగిరెడ్డి, 2024లో మళ్లీ పల్లా. పెందుర్తిలో పంచకర్ల రమేష్‌బాబు, బండారు సత్యనారాయణమూర్తి, అన్నంరెడ్డి అదీప్‌రాజ్, మళ్లీ పంచకర్ల. భీమిలిలో ముత్తంశెట్టి శ్రీనివాసరావు, గంటా శ్రీనివాసరావు, ముత్తంశెట్టి, గంటా. కొందరు నిలబడి ఓడారు, కొందరు సీటు మారారు, కొందరికి టికెట్టే దక్కలేదు. మొత్తానికి ఈ మూడు చోట్లా వరసగా రెండుసార్లు గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు. అదే విశాఖ తూర్పులో వెలగపూడి రామకృష్ణబాబు నాలుగుసార్లూ ఆయనే. పశ్చిమలో 2014 నుంచి గణబాబే. ఊరు ఒకటే, కార్పొరేషన్ ఒకటే, గాలి ఒకటే. ఫలితం మాత్రం ఒకటి కాదు.

ఇప్పుడు గాజువాక అంకెలు. 2014లో వైఎస్సార్సీపీ నుంచి నాగిరెడ్డి గారికి 75,397 ఓట్లు వచ్చాయి, 21,712 తేడాతో ఓడిపోయారు. 2019లో ఆయనకు 75,292 వచ్చాయి, 16,753 తేడాతో గెలిచారు. అంటే ఓడినప్పటికంటే గెలిచినప్పుడు ఆయనకు నూట అయిదు ఓట్లు తక్కువ! మారింది అవతలి పక్క. 2014లో సైకిల్‌కు ఒక్కదానికే పడిన 97,109 ఓట్ల స్థానంలో 2019లో సిట్టింగ్ ఎమ్మెల్యే పల్లాకు 56,642, జనసేన నుంచి పవన్ కల్యాణ్‌కు 58,539 వచ్చాయి. సిట్టింగ్ మూడో స్థానానికి పోయారు. దీన్ని ‘ప్రజలు ఎమ్మెల్యేని తిరస్కరించారు’ అని రాస్తే సగమే నిజం. ప్రత్యర్థి ఒక్క ఓటు పెంచుకోకుండానే సిట్టింగ్ ఓడిపోవచ్చు. తనను గెలిపించిన ఓటు ఎన్ని ముక్కలతో కూడుకున్నదో తెలియకపోతే జరిగేది అదే.

2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ పొత్తుతో ఆ ముక్కలు మళ్లీ అతుక్కున్నాయి. పల్లాకు 1,57,703, వైఎస్సార్సీపీ నుంచి పోటీ చేసిన గుడివాడ అమర్‌నాథ్‌కు 62,468. తేడా 95,235, రాష్ట్రంలోనే పెద్దది. ఈ అంకెను అందరూ చెప్పుకున్నారు గాని విడదీసి చూసినవాళ్లు తక్కువ. 2019లో తెలుగుదేశం, జనసేన కలిపి 1,15,181. దానిపైన 2024లో వచ్చినవి 42,522. ఇందులో వైఎస్సార్సీపీ తగ్గింది 12,824 మాత్రమే. మిగిలిన 29,698 ఎక్కడివి? బీజేపీ, ఇతరుల చిల్లర ఓట్లు కొంత తీసేసినా, అందులో పెద్ద వాటా అయిదేళ్ల కిందట గాజువాకలో ఓటు వేయనివాళ్లదే. కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్లు, కొత్త ఫ్లాట్లలోకి దిగినవాళ్లు, సొంతూరి నుంచి ఓటు ఇక్కడికి మార్చుకున్నవాళ్లు. వీళ్లలో ఎవరికీ అప్పటి ఎమ్మెల్యేతో పరిచయం లేదు, మొహమాటం అంతకంటే లేదు.

పెందుర్తి కథ వేరు. అక్కడ వైఎస్సార్సీపీ నుంచి అదీప్‌రాజ్‌కు 2019లో 99,759, 2024లో 67,741. సొంత ఓటే 32,018 కారిపోయింది. గాజువాకలో ఓడించింది కూడిక, పెందుర్తిలో ఓడించింది తీసివేత. రెండింటికీ ఒకే మందు రాసేవాళ్లను నమ్మకండి.

కూడిక ఎలా జరుగుతుందో ముందు చెప్తాం. కూర్మన్నపాలెం, దువ్వాడ, అగనంపూడి వైపు గాని, వేపగుంట, సుజాతనగర్, చినముషిడివాడ వైపు గాని, మధురవాడ, కొమ్మాది వైపు గాని అయిదేళ్ల నాటి జాబితా పట్టుకుని తిరిగితే తలుపు తీసేది వేరే మనుషులు. అద్దెకున్నవాళ్లు మారిపోయి ఉంటారు. పాత పెంకుటిల్లు అపార్ట్‌మెంట్ అయి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల ఓటు చాలాకాలం సొంతూళ్లోనే ఉంటుంది. పోలింగు రోజు బస్సెక్కి వెళ్లి వేసి వస్తారు. పిల్లల చదువుకోసమో, ఆధార్‌లో చిరునామా మార్చినప్పుడో ఒక రోజు ఇక్కడికి మార్చుకుంటారు. ఆ రోజు వాళ్ల చేతికి కాగితం ఎవరిచ్చారన్నది చిన్న విషయం కాదు.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. ఫారం 6 మొదటిసారి ఓటు నమోదుకే. వేరే ఊళ్లో ఓటున్న మనిషి చిరునామా మార్చుకోవాలంటే ఫారం 8. తెలియని కార్యకర్త అందరికీ ఫారం 6 నింపిస్తాడు. పాత ఓటు అక్కడ బతికే ఉంటుంది, ఇక్కడ దరఖాస్తు తిరస్కారానికి పోతుంది, లేదా రెండు చోట్ల పేరుండి నోటీసు వస్తుంది. గుర్తింపు పొందిన పార్టీ బూత్ లెవల్ ఏజెంటు రోజుకు పది దరఖాస్తులకు మించి బీఎల్వోకి (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వకూడదు. మొత్తం ముప్పై దాటితే పై అధికారి విడిగా పరిశీలించాలి. కాబట్టి ఆఖరి వారంలో సంచి నిండా ఫారాలు పట్టుకుపోతే పని కాదు. ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. ప్రతి తేదీకీ బూత్‌కు ఇరవై ఫారాలు సరిగ్గా నింపించే పార్టీ, ఎన్నికల ఏడాదిలో సభలు పెట్టే పార్టీ కంటే చాలా ముందుంటుంది. సిట్టింగు దగ్గర మనుషులుంటారు, వాహనాలుంటాయి, కాని ఈ పని చేయరు. గెలిచినవాడికి జాబితా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంకో రకం పొరపాటు ఫారం 7. ఎదుటివాళ్ల ఓట్లు తీయించాలని గంపగుత్తగా అభ్యంతరాలు పెట్టడం. 2019 ఎన్నికల ముందు రాష్ట్రమంతటా దీని మీద ఎంత గొడవైందో, పోలీసు కేసుల దాకా ఎలా వెళ్లిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విచారణకు బీఎల్వో ఇంటికి వచ్చినప్పుడు తన ఓటు తీయమన్నదెవరో ఓటరు ఆరా తీస్తాడు. వీధి వీధంతా తెలుస్తుంది. అటూ ఇటూ ఊగే ఓటు ఆ సాయంత్రానికే ఒకవైపు గట్టిపడిపోతుంది.

ఇక తీసివేత. శివార్లలో సిట్టింగు సొంత ఓటు కరగడానికి పెద్ద కారణం నీళ్లూ కాదు, రోడ్డూ కాదు. భూమి. దీని మీద కొంచెం ఎక్కువ రాయక తప్పదు.

విశాఖ చుట్టుపక్కల స్థలం కొన్న ప్రతి మధ్యతరగతి కుటుంబానికి 22ఏ జాబితా అంటే ఏమిటో తెలుసు. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ కింద నిషేధిత భూముల జాబితా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఒక సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వ భూమైనా, సబ్ డివిజన్ చేయకుండా మొత్తం నంబరును జాబితాలో పెట్టేస్తారు. పాతికేళ్ల కిందట కొని, ఇల్లు కట్టి, పన్ను కడుతున్న మనిషి కూతురి పెళ్లికి అమ్మబోతే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. విడిపించుకోవాలంటే సర్వేయరు కొలతలు, తహసీల్దారు నివేదిక, ఆర్డీవో, ఆపైన కలెక్టరేట్. ఏ బల్ల దగ్గరైనా ఫైలు పడుకోవచ్చు. బాధితుడు ఎమ్మెల్యే దగ్గరికి పోతాడు. ఎమ్మెల్యే ఫోన్ చేసి ఒకరి ఫైలు కదిలిస్తే, అదే నంబరులో ఉన్న మిగతావాళ్లు ‘వాడి దగ్గర ఎంత తీసుకున్నారో’ అనుకుంటారు. కదిలించకపోతే అందరూ తిడతారు. మొత్తం నంబరుకు ఒకేసారి సబ్ డివిజన్ చేయించి, ఏ బిట్టు ప్రభుత్వానిదో ఏది ప్రైవేటో కాగితం మీద తేల్చి గోడకు అంటించడం ఒక్కటే దీనికి దారి. అది రెండేళ్ల పని. మొదటి ఏడాదిలో మొదలుపెట్టనివాడికి ఎన్నికల లోపు చేతికి రాదు.

దీనికి తోడు స్థానికంగా పాతుకుపోయినవి ఉన్నాయి. గాజువాకలో హౌస్ కమిటీ స్థలాల క్రమబద్ధీకరణ, స్టీల్‌ప్లాంటు నిర్వాసితుల ఆర్ కార్డులు (పునరావాస కార్డులు). సింహాచలం దేవస్థానంతో ముడిపడిన పంచగ్రామాలు: అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. ఏ పార్టీ అభ్యర్థి అయినా వీటిని ‘గెలిచిన వంద రోజుల్లో’ తేలుస్తానని చెప్పినప్పుడు, అయిదేళ్ల తర్వాత తన మీదే పేలే మందుపాతర పాతుకుంటున్నాడని మేం అనుకుంటాం. పంచగ్రామాల వ్యవహారం కోర్టులో ఉంది, దేవాదాయ చట్టం అడ్డుంది. ఎమ్మెల్యే చేయగలిగింది మరమ్మతులకు, పాత ఇంటి స్థానంలో కట్టుకోవడానికి అనుమతులు ఇప్పించడం లాంటి చిన్న పనులు. ఆ చిన్న పనులు చెప్పి ఓటడిగితే మొదట కాస్త తక్కువ పడతాయేమో గాని రెండోసారి మొహం చూపించుకోవచ్చు.

2020 జనవరిలో వచ్చిన జీవో 72 ఇంకో పాఠం. నగరంలోని పేదలకు ఇళ్ల స్థలాల కోసం విశాఖ చుట్టూ మండలాల్లో 6,116 ఎకరాలు ల్యాండ్ పూలింగులో తీసుకోవాలన్నారు. డీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) రైతుకు ఎకరాకు 900 గజాల అభివృద్ధి చేసిన స్థలం, పదేళ్లు దాటిన ఆక్రమణదారుకు 450, అయిదు నుంచి పదేళ్ల మధ్యయితే 250 అన్నారు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో అప్పటి ముఖ్యమంత్రి వచ్చి పట్టాలు పంచారు. సభ బాగానే జరిగింది. కానీ ఎన్నికల లెక్కలో చూడండి. భూమి పోయింది పెందుర్తి నియోజకవర్గం రైతుది. పట్టా అందుకున్నవాళ్లలో ఎక్కువమంది ఓటున్నది నగరంలోని వేరే నియోజకవర్గాల్లో. పేరు ఒక చోట, కోపం ఇంకో చోట. పట్టా పొందినవాళ్లకూ అంత దూరం వెళ్లి ఇల్లు కట్టుకోవడం భారమే. శివారు ఎమ్మెల్యే అప్పుడే, మా నియోజకవర్గం లబ్ధిదారులకు మొదట మా దగ్గరే స్థలం ఇవ్వండని పట్టుబట్టి ఉండాల్సింది. సొంత ప్రభుత్వం ముందు ఎవరూ నోరు మెదపరు, అదే అసలు జబ్బు.

దాని మీద, భూమి హక్కును ప్రభుత్వ రికార్డే ఖరారు చేసే ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చి పడింది. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు, ప్రభుత్వం మారాక 2024లో రద్దు చేశారు. చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరే పెట్టుకుందాం. పల్లెలో తాత పేరున ఉన్న పొలం ఒక సంగతి. శివారులో ఒక్కో వీధిలో అనుమతి లేని లేఅవుట్ ప్లాటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్నది, డీ పట్టా కొని కట్టిన ఇల్లు, పిల్లల పేర పెట్టిన అమ్మకం పత్రం అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ‘మీ కాగితాలు చెల్లవు’ అన్న ఒక్క ప్రచారం అక్కడ అంటుకున్నంతగా ఇంకెక్కడా అంటుకోదు. దానికి బదులు చెప్పాల్సిన బాధ్యత సిట్టింగుది. చెప్పడానికి ఆయన దగ్గర చట్టం తెలుగు ప్రతి కూడా లేదు.

పన్నుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాం. 2021లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చారు. ఏడాదికి 15 శాతం మించకూడదన్నా, ఏటా పెరుగుతుందన్న భయమే మిగిలింది. అదే ఏడాది చెత్తకు నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60 మొదలుపెట్టారు. డబ్బు ఎక్కువేం కాదు. కాని ప్రతి నెలా ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి వసూలు చేసిన పన్ను అదొక్కటే. ఎమ్మెల్యే ముఖం ఏడాదికోసారి, చెత్త పన్ను నెలకోసారి.

ఇంకొక కారణం చాలామందికి గుర్తులేదు. 2005లో గాజువాక మున్సిపాలిటీ, చుట్టుపక్కల 32 గ్రామాలు విశాఖ నగరంతో కలిసి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) అయింది. 2007లో ఎన్నికలు జరిగాయి, 2012లో గడువు ముగిసింది, ఆ తర్వాత 2021 మార్చి దాకా కార్పొరేటర్లే లేరు. తొమ్మిదేళ్లు. వీధి లైటు, కాలువ, కుక్కలు, పింఛను అన్నీ నేరుగా ఎమ్మెల్యే నెత్తిన పడ్డాయి. పంచాయతీ నుంచి కార్పొరేషన్‌లోకి వచ్చిన ఊళ్లలో ఇంకా ఇబ్బంది. సర్పంచి పోయాడు, కార్పొరేటరు రాలేదు, పన్ను మాత్రం వచ్చింది. 2019లో ఓడిన సిట్టింగులు ఈ బరువుతో ఓడారు. 2021లో 98 వార్డుల్లో 58 అప్పటి అధికార పార్టీ గెల్చుకుంది. ఇంక తిరుగులేదనుకున్నారు. మూడేళ్లకు నగరంలోనూ శివార్లలోనూ ఒక్క సీటూ మిగల్లేదు. అధికారంలో ఉన్నప్పుడు గెలిచిన స్థానిక ఎన్నికను అద్దంగా పెట్టుకుని ముఖం చూసుకునేవాడికి తన ముఖం ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

ఒక కాలువ పని ఎలా నడుస్తుందో చూస్తే మిగతా అన్నీ అర్థమవుతాయి. వర్షాకాలంలో గెడ్డ పొంగి లేఅవుట్‌లోకి నీళ్లొచ్చాయి. ఎమ్మెల్యే వచ్చి చూసి, కల్వర్టు, రెండు వైపులా కాలువ వేయిస్తానన్నారు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ కొలతలు తీశాడు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) అంచనా వేశాడు, అది జోన్ ఆఫీసు మీదుగా పైకి పోయి పరిపాలనా ఆమోదం తెచ్చుకుంది. టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు, పాత బిల్లులు రాలేదు కాబట్టి. రెండో కాల్‌లో ఎవరో ఒకరు వచ్చారు. ఒప్పందం అయ్యాక చూస్తే కల్వర్టు కట్టే చోట మంచినీటి పైపు ఉంది, అది పక్కకు జరపాలి, దానికి అంచనాలో డబ్బు లేదు. ఈలోగా శిలాఫలకం మాత్రం వేసేశారు. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. నియమావళి ప్రకారం అప్పటికే నేలమీద మొదలైన పని కొనసాగించవచ్చు. వర్క్ ఆర్డరు ఇచ్చినా మొదలుకాని పని మొదలుపెట్టకూడదు. అంటే మే 13 పోలింగు దాకా ఆ వీధిలో ఉన్నది శిలాఫలకమే. అది సిట్టింగు ఖర్చుతో ప్రతిపక్షానికి కట్టించిన హోర్డింగు. అనుభవమున్న ఎమ్మెల్యే ఎన్నికలకు ఆరు నెలల ముందు కొత్త శంకుస్థాపనలు ఆపేసి, మొదలై సగంలో ఆగినవాటి బిల్లుల కోసం తిరుగుతాడు. ఫొటో రాదు, ఓటు వస్తుంది.

2022 మే నుంచి సాగిన గడప గడపకు కార్యక్రమం మీద కూడా ఇదే మాట. సచివాలయానికి 20 లక్షలు ఇచ్చి, అక్కడికక్కడ పనులు రాసుకోమన్నారు. ఆలోచన మంచిదే. ఇంటికి వచ్చి సమస్య పుస్తకంలో రాసుకున్న ఎమ్మెల్యే మీద రానివాడికంటే ఎక్కువ ఆశ ఉంటుంది. పని కాకపోతే కోపం కూడా ఎక్కువే. 20 లక్షలు ఒక సచివాలయం పరిధిలో రెండు మూడు వీధుల సిమెంటు రోడ్డుకు అయిపోతాయి. మిగతా వీధుల్లో రాసుకున్నవన్నీ అప్పుగా మిగిలాయి.

కార్యకర్తల విషయంలో రెండు ప్రభుత్వాలూ ఎదురెదురు తప్పులు చేశాయి. 2014–19 మధ్య పింఛను, రేషను కార్డు, ఇల్లు ఎవరికివ్వాలో జన్మభూమి కమిటీలు చూసేవి. వీధి నాయకుడికి పెత్తనం వచ్చింది, అర్హులైనవాళ్లు వాళ్ల గుమ్మం తొక్కాల్సి వచ్చింది. ఆ కోపం ఓటై ఎమ్మెల్యే మీద పడింది. తర్వాతి ప్రభుత్వం దాదాపు యాభై ఇళ్లకో వలంటీరును పెట్టి వీధి నాయకుడిని పూర్తిగా పక్కన పెట్టింది. లబ్ధి సజావుగా అందింది గాని, అయిదేళ్లు ఏ పనీ లేని కార్యకర్తకు వీధిలో ఎవరేమనుకుంటున్నారో తెలియకుండా పోయింది. 2024 మార్చిలో ఎన్నికల సంఘం వలంటీర్లను పక్కన పెట్టమన్న రోజున, సిట్టింగుల దగ్గర పథకం పేరుంది, వీధిలో మనిషి లేడు. గాజువాకలోనైతే 2023 డిసెంబరు నుంచి 2024 మార్చి లోపు పార్టీ ఇన్‌చార్జి పేరే రెండుసార్లు మారింది. చివరికి అనకాపల్లి ఎమ్మెల్యేగా ఉన్న మంత్రిని తెచ్చి నిలబెట్టారు. సిట్టింగును మార్చితే వ్యతిరేకత పోతుందని పార్టీలు అనుకుంటాయి. ప్రభుత్వం మీద ఉన్న కోపం అభ్యర్థి మారితే పోదు, పాత ఎమ్మెల్యే వెంట ఉన్న బూత్ మనుషులు మాత్రం పోతారు.

స్టీల్‌ప్లాంటు గురించి రాయకపోతే గాజువాక గురించి రాసినట్టు కాదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం ఇచ్చింది. నిర్ణయం ఢిల్లీది. అసెంబ్లీ తీర్మానం చేసింది, కూర్మన్నపాలెంలో దీక్షలు నడిచాయి, పల్లా ఆమరణ దీక్షకు కూర్చుంటే ఆస్పత్రికి తరలించారు, గంటా ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చారు. ఎమ్మెల్యే ప్లాంటును ఆపలేడని అక్కడి కార్మికులకు బాగా తెలుసు. వాళ్లు చూసింది ఎవరు శిబిరంలో కనబడ్డారు, ఎవరు కనబడలేదు అని. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, మరోవైపు కాంట్రాక్టు కార్మికుల తొలగింపు నడిచింది. శిబిరం అదే, కుర్చీలో కూర్చున్నవాళ్లు మారారు. ఇప్పటి సిట్టింగులకు ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

ముందే తెలుసుకునే గుర్తులు లేవా అంటే ఉన్నాయి. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటును తెలుగుదేశం అభ్యర్థి వేపాడ చిరంజీవిరావు గెలిచారు. పట్టభద్రుల ఓటు అందరి ఓటు కాదని అప్పుడు కొట్టిపారేశారు. కాని శివారు అపార్టుమెంట్లలో కొత్తగా చేరిన ఓటు సరిగ్గా ఆ వర్గానిదే. సర్వేల కంటే చవకైన పనిముట్టు ఫారం 20. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో, చివర పోస్టల్ ఓట్లు విడిగా, అన్నీ అందులో ఉంటాయి. రెండు ఎన్నికల ఫారం 20 పక్కపక్కన పెట్టేటప్పుడు బూత్ నంబరు చూసి జతచేయకూడదు. బూత్‌ల హేతుబద్ధీకరణలో నంబర్లు మారిపోతాయి, ఒక బూత్ రెండవుతుంది. జాబితా మొదటి పేజీలో ఉన్న వీధుల పేర్లు చూసి కలపాలి. అప్పుడు మూడు రకాలు బయటపడతాయి: మన ఓటు తగ్గినవి, మన ఓటు ఉండి అవతలివాళ్లు కలిసినవి, మొత్తం ఓట్లే బాగా పెరిగినవి. మొదటివాటిలో పని భూమి, కాలువ. రెండోవాటిలో పొత్తు. మూడోవాటిలో ఫారం 8. మూడింట్లోనూ ఒకే ఫ్లెక్సీ కట్టడం డబ్బు దండగ.

ఒక మనిషి అటు నుంచి ఇటు మారితే తేడా రెండు ఓట్లు మారుతుంది, ఒక్కటి కాదు. 2019లో భీమిలి తేడా 9,712. అంటే 4,857 మంది మనసు మార్చుకుని ఉంటే ఫలితం తిరగబడేది. 300 బూత్‌లు ఉన్నాయనుకుంటే బూత్‌కు పదహారు పదిహేడు మంది, నాలుగైదు ఇళ్లు. విశాఖ ఉత్తరంలో అదే ఏడాది తేడా 1,944. అక్కడ 973 మంది చాలు. చాలా సీట్లు పోయేది ఇలాంటి నాలుగైదు ఇళ్ల దగ్గరే.

పోలింగు రోజు గురించి రెండు ముక్కలు. ఉదయం మాక్ పోల్‌కు ఏజెంటు రాకపోతే అది సిట్టింగు బూత్‌లో అన్నిటికంటే పెద్ద సూచన. డబ్బు తీసుకుని రానివాడు ఎవరికి వేస్తాడో చెప్పక్కర్లేదు. సాయంత్రం ఫారం 17సీ (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) నకలు చేతికి తీసుకోకుండా ఏజెంటు ఇంటికి పోతే లెక్కింపు రోజు అడగడానికి ఆధారం ఉండదు. వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లున్న ఏఎస్డీ జాబితా ఏజెంటు దగ్గర ఉందా లేదా అని ముందు రాత్రే చూసుకోవాలి.

ఇక మీ పత్రికకు మా విన్నపం. 2024లో ఈ మూడు సీట్లలో మెజారిటీలు గాజువాకలో 95,235, భీమిలిలో 92,401, పెందుర్తిలో 81,870. చూడ్డానికి కోటల్లా ఉన్నాయి. మూడు పార్టీల ఓటు కలిస్తే వచ్చిన అంకెలివి, ఒక్క ఎమ్మెల్యే సొంతం కాదు. 2014లో గాజువాకలో వచ్చిన 97,109 అయిదేళ్లలో 56,642 ఎలా అయిందో పైన చూశారు. కాబట్టి మెజారిటీల పట్టిక మళ్లీ మళ్లీ వేయడం కంటే, ఈ మూడు నియోజకవర్గాల 2019, 2024 ఫారం 20లను వీధి పేర్లతో జతచేసి, వార్డు వారీగా మీ జిల్లా పేజీలో అచ్చు వేయండి. పక్కనే ఆ వార్డులో 22ఏలో ఇరుక్కున్న సర్వే నంబర్లు, శిలాఫలకం పడి మొదలుకాని పనులు కూడా వేయండి. జీవీఎంసీ ఎన్నికలకు నిలబడేవాళ్లు ముందు ఆ పేజీ చదవాలి. ఫారం 20 ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పాత, కొత్త బూత్‌లు కలిపే పని మాత్రం చేత్తో చేయాల్సిందే. గాజువాక, పెందుర్తి వరకు మీ విలేకరుల పక్కన కూర్చుని ఆ పని చేయడానికి మేం సిద్ధం.

ఇట్లు,
కొందరు మాజీ బూత్ ఏజెంట్లు, లెక్కింపు ఏజెంట్లు,
గాజువాక, విశాఖపట్నం